ఆ సగటుల చిట్కాలు ఇక పంపకండి

నాలుగు సంఖ్యలు. ఏవైనా మూడింటి సగటుకు నాలుగోదాన్ని కలపాలి. అలా నాలుగు రకాలుగా కలిపితే వచ్చినవి 16, 20, 22, 26. పెద్ద సంఖ్య ఎంత? ఈ పజిల్‌ని, దాని కింద 'సమీకరణాలు లేకుండా పది సెకన్లలో' అనే చిట్కాలతో సహా, మిత్రులు పంపుతూనే ఉన్నారు.

ఫలితాల సగటు 21 కాబట్టి సంఖ్యల సగటూ 21, మొత్తం 84 అట. తప్పు. నాలుగు ఫలితాలూ కూడితే ఒక్కో సంఖ్య ఒకసారి పూర్తిగా, మూడుసార్లు మూడోవంతుగా వస్తుంది. అంటే రెండుసార్లు లెక్కలోకి వచ్చింది. అసలు మొత్తం 42. నాలుగోది కలపకుండా మూడేసి సంఖ్యల సగటులే ఇచ్చి ఉంటే మాత్రం ఈ చిట్కా సరిగ్గా పనిచేస్తుంది, ఒప్పుకుంటాను.

ఫలితాల మధ్య తేడాయే సంఖ్యల తేడా? కాదు, ఫలితాల తేడా సంఖ్యల తేడాలో మూడింట రెండు వంతులే. భిన్నం వస్తే లెక్క తప్పినట్టా? పూర్ణాంకాలని ప్రశ్నలో చెబితేనే.

సరైన దారి ఇంతే: ప్రతి ఫలితమూ మొత్తంలో మూడోవంతు, అందులో పూర్తిగా కలిపిన సంఖ్యలో మూడింట రెండు వంతులు కలిసినది. 42లో మూడోవంతు 14. 26లోంచి 14 తీస్తే 12, దానికి ఒకటిన్నర రెట్లు 18. మిగతావి 3, 9, 12.

అన్నిటికంటే చెడ్డది చివరి చిట్కా: 'తెలియనివి నాలుగు, సమీకరణాలు నాలుగు, కాబట్టి జవాబు ఒక్కటే, సరిచూడక్కర్లేదు.' పిల్లలకు ఇది నేర్పితే పోటీ పరీక్షలో నిలువునా మునుగుతారు. నాలుగు సంఖ్యల్ని గుండ్రంగా పేర్చి పక్కపక్క జంటల మొత్తాలు వరసగా 12, 21, 30, 21 అని ఇచ్చారనుకోండి. 3, 9, 12, 18 సరిపోతాయి. 4, 8, 13, 17 కూడా సరిపోతాయి. ఎందుకంటే మొదటి, మూడో జంటలు కలిస్తే నాలుగు సంఖ్యలూ వచ్చేస్తాయి. రెండో, నాలుగో జంటలు కలిసినా అవే నాలుగు. నాలుగో సమీకరణం కొత్తగా చెప్పిందేమీ లేదు. చివరి 21 బదులు 22 ఇస్తే అసలు జవాబే ఉండదు: ఒక పక్క 42, ఇంకో పక్క 43. అదే గుండ్రంలో మూడు గానీ అయిదు గానీ సంఖ్యలుంటే జవాబు ఒక్కటే వస్తుంది. లెక్కపెట్టాల్సింది ఎన్ని సమీకరణాలున్నాయని కాదు, వాటిలో ఎన్ని మిగతావాటి నుంచి పుట్టనివో.

సరిచూసేటప్పుడు కూడా మీరు రాసుకున్న సమీకరణంలో కాదు, ప్రశ్నలోని మాటల్లోనే సంఖ్యలు పెట్టి చూడాలి. సమీకరణమే తప్పు రాసుకుంటే అందులో తప్పు జవాబూ ఒప్పుగానే కనిపిస్తుంది. మొత్తం 84 అని నమ్మి లెక్క చేస్తే వచ్చే సంఖ్యలు -18, -12, -9, -3. వాటిని కూడితే -42. ఈ ఒక్క కూడిక చెయ్యకుండానే ఇంతమంది దాన్ని ముందుకు పంపారు.