‘నలభై దాటాక టీకా దండగ’ అన్న ఫార్వర్డుకి జవాబు

మళ్ళీ వచ్చింది. పొద్దున మారతహళ్ళి నుంచి ఫ్రెండు, మధ్యాహ్నం అనంతపురం నుంచి బాబాయి, రాత్రికి వైట్‌ఫీల్డ్‌లో మా అపార్ట్‌మెంట్ ఉగాది కమిటీ గ్రూపు. మెసేజ్ మాత్రం ఒకటే: “నలభై దాటినవాళ్ళకి టీకాలు దండగ. మన తాతలు ఏ టీకా వేసుకున్నారు? ఫ్లూ టీకా వేసుకుంటే ఫ్లూ వస్తుంది. మందులకి లొంగని సూపర్‌బగ్స్ టీకాల వల్లే పుట్టాయి. ఇంట్లో ఒక యాంటీబయోటిక్ స్ట్రిప్పు ఉంచుకోండి, చాలు.” చివర నాలుగు దణ్ణాలు.

తాతల సంగతా? మీ నానమ్మ జబ్బ మీద రూపాయి బిళ్ళంత మచ్చ ఉంటుంది, చూడండి. మశూచి టీకాది. ఆ రోగం ఇప్పుడు భూమ్మీద లేదు.

ఫ్లూ ఇంజెక్షన్‌లో ఉండేది చచ్చిన వైరస్. చెయ్యి నొప్పి పుడుతుంది, ఒక పూట ఒళ్ళు వెచ్చబడొచ్చు. ఫ్లూ రాదు.

ఇక సూపర్‌బగ్స్. యాంటీబయోటిక్ మింగితే లొంగే బాక్టీరియా చస్తుంది, మొండిది మిగిలి పెరుగుతుంది. ఎంత ఎక్కువ మింగితే అంత మొండిదనం. టీకా వేసుకుని జబ్బే రాకపోతే మింగాల్సిన పనే లేదు కదా! ఉన్న టీకాలు, ఇంకా రావలసినవి కలిస్తే ప్రపంచంలో యాంటీబయోటిక్స్ అవసరం 22 శాతం దాకా తగ్గొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో లెక్కగట్టింది.

టైఫాయిడ్ చూడండి. ట్యాంకర్ నీళ్ళు, సందు చివర పానీపూరీతో బతికే మన పీజీ పిల్లలకి దీని గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. 2016లో పాకిస్తాన్‌లోని హైదరాబాద్‌లో దాదాపు ఏ మందుకీ లొంగని టైఫాయిడ్ మొదలైంది. ఇంజెక్షన్‌గా ఇచ్చే సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయోటిక్ కూడా పనిచేయలేదు. నోటితో వేసుకునేవాటిలో మిగిలింది అజిత్రోమైసిన్ ఒక్కటే. అప్పుడు వాళ్ళు టీకానే నమ్ముకున్నారు, అది మందుకి లొంగని రకం మీదా పనిచేసింది. ఆ టీకా ఎక్కడిదనుకున్నారు? మన హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ చేసింది.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. అమెరికాలో 2000లో పిల్లలకి న్యుమోకోకస్ అనే, న్యుమోనియా తెచ్చే బాక్టీరియాలో ఏడు రకాల మీద టీకా మొదలెట్టాక, అందులో లేని 19ఏ అనే రకం పెరిగింది. అది మందులకి బాగా మొండిది. అంటే ఈ మెసేజ్‌లో పిసరంత నిజం ఉంది. రాసినాయనకి ఆ సంగతి తెలిసి రాశాడని మాత్రం నేననుకోను. తర్వాత 2010లో 19ఏని కూడా కలిపి పదమూడు రకాల టీకా తెచ్చారు. ఆ జబ్బులు మళ్ళీ తగ్గాయి, పిల్లలకి వేస్తే పెద్దవాళ్ళలో కూడా తగ్గాయి.

ఇప్పుడు ఇంట్లో ఉంచుకోమన్న ఆ స్ట్రిప్పు. వెనక నిలువునా ఒక ఎర్ర గీత ఉంటుంది. అందం కోసం గీసింది కాదు, డాక్టర్ చీటీ లేకుండా వాడొద్దని. మనం ఏం చేస్తాం? మూడు మాత్రల్లో ఒకటి ఆయనకి, ఒకటి అత్తగారికి, మిగిలింది వచ్చే జలుబుకి. జలుబూ ఫ్లూ వైరస్‌తో వచ్చేవి, వాటి మీద ఆ మాత్ర చేసేదేమీ లేదు. పొట్టలో ఉన్న బాక్టీరియాకి మాత్రం ఉచితంగా ట్రైనింగ్ ఇచ్చినట్టు. సూపర్‌బగ్స్‌ని తిట్టిన మెసేజే వాటిని ఇంట్లో పెంచుకోమంటోంది. దానికి దణ్ణాలొకటి!

టీకాతో అన్నీ ఆగుతాయని నేనూ అనను. ఐసీయూల్లో డాక్టర్లని హడలగొట్టే క్లెబ్సియెల్లా, అసినెటోబాక్టర్ అనే బాక్టీరియాలకి ఇంకా టీకా లేదు. కానీ అవి ఎక్కువగా అంటుకునేది ఐసీయూల్లోనే కదా, ఫ్లూ ముదిరి న్యుమోనియా అయితే చేరాల్సి వచ్చేదీ అక్కడికే. అందుకే అరవై ఐదు దాటినవాళ్ళూ, షుగరో ఆస్తమానో గుండెజబ్బో ఉన్నవాళ్ళూ ఏటా ఫ్లూ టీకా, దాంతోపాటు న్యుమోకోకల్ టీకా గురించి డాక్టర్‌ని అడగాలి.

ధర మాత్రం మంటే. పసిపిల్లలకి న్యుమోకోకల్ టీకా ప్రభుత్వమే ఉచితంగా వేస్తుంది. పెద్దవాళ్ళకైతే డోసుకి వేలు పోయాలి. పెన్షన్ మీద బతికే దంపతులు ఇద్దరికీ కలిపి ఎక్కడ తెస్తారు? ఆ మెసేజ్ దీని మీద కోపంతో రాసి ఉంటే నేనే పది గ్రూపులకి పంపేవాణ్ణి.