నయాగరా సరే, సంగటి సంగతేమిటి?

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లొచ్చిన అమ్మానాన్నలు అనంతపురంలో ఇప్పుడు ఏ కాలనీలోనైనా కనిపిస్తారు. పలకరిస్తే ముందు ఫోను తీసి నయాగరా చూపిస్తారు, తర్వాత మనవడి పుట్టినరోజు కేకు. కాస్త చనువున్నవాళ్లయితే రెండో విడత కాఫీ దగ్గర అసలు మాట బయటపడుతుంది: అన్నీ బాగున్నాయి గానీ తిండే కుదరలేదు. పిల్లలు పెట్టక కాదు. కొసరి కొసరి పెట్టారు. అయినా కుదరలేదు.

డాలస్ పక్కన మా అమ్మాయి ఇంట్లో నేనూ నా భార్యా నెలల తరబడి ఉండి వచ్చాం. ఈ పత్రిక చదివేవాళ్లలో ఎక్కువ మంది అమ్మానాన్నలను పిలిపించుకునేవాళ్లే కాబట్టి చెబుతున్నాను. సందర్శకుల వీసా మీద వచ్చినవాళ్లను సాధారణంగా 6 నెలల దాకా ఉండనిస్తారు. అంటే 26 వారాలు. శని, ఆదివారాలకు మీరు టికెట్లు, హోటళ్లు, గుళ్లు అన్నీ ముందే చూసిపెడతారు. మంగళవారం మధ్యాహ్నం సంగతి మాత్రం ఎవరూ ఆలోచించరు. ఆ పూట మీరు ఆఫీసులో, పిల్లలు బడిలో. ఇంట్లో ఇద్దరు ముసలివాళ్లు, ఫ్రిజ్‌లో ఆదివారం వండి సర్దిన డబ్బాలు. వేడి చేసుకుని తినడమే పని. ఆకలి తీరుతుంది, పొద్దు మాత్రం పోదు.

మా ప్రాంతంలో సంగటి విందు భోజనం కాదు, మామూలు పగటి తిండి. బియ్యం మెత్తగా ఉడికి, ఎసరు ఇంకా మిగిలి ఉండగానే రాగిపిండి పోసి, మూతపెట్టి మగ్గనిచ్చి, ఆ తర్వాత కట్టెతో గట్టిగా గెలకాలి. ఊళ్లలో గిన్నెను నేల మీదికి దించి, పాదాలతో అదిమిపెట్టి మరీ గెలుకుతారు. అమ్మాయి ఇంట్లోది అద్దంలా నున్నగా ఉండే కరెంటు పొయ్యి. కట్టె తిప్పితే గిన్నె కూడా దానితోపాటే తిరుగుతుంది. పైగా అవి నాన్‌స్టిక్ గిన్నెలు, గీతలు పడతాయని అమ్మాయికి బెంగ. నా భార్య కొన్నాళ్లు ఊరుకుంది. ఒకనాడు ఇండియన్ స్టోరు నుంచి మందపాటి గిన్నె ఒకటి తెప్పించి, తడిగుడ్డ పరిచి, వంటింటి నడిమధ్య నేల మీద కూర్చుని గెలికేసింది. వేరుశనగ పచ్చడితో ఆ పూట నేను తిన్న తిండికి లెక్క లేదు. బడి నుంచి వచ్చిన మనవరాలు మట్టిముద్దలు అనుకుందో ఏమో, మిగిలినదంతా ఉండలు చేసి వరసగా పేర్చింది.

బొరుగులు నానబెట్టి పోపు పెట్టే ఉగ్గాని కథ వేరు. మొదట దొరికిన బొరుగులు భేల్‌పూరీకి వాడే పలచటి రకం. నీళ్లలో వేసి తీసేలోగా పేస్టయిపోయాయి. ఉగ్గానికి కాస్త లావు రకం కావాలి, నానినా నిలబడాలి. నాలుగు దుకాణాలు తిరిగితే దొరుకుతాయి. తిరగాలనే ఆలోచన మీకు రావాలి, అంతే.

తిరిగే పని మగవాళ్లకు అప్పగించండి. అనంతపురంలో పొద్దున్నే సంచి పట్టుకుని మార్కెట్టుకు వెళ్లి, వంకాయలు ఏరి, బేరమాడి ఇంటికి వచ్చే మనిషికి డాలస్ శివార్లలో కారు లేకుండా చేయగల పని దాదాపు ఏమీ లేదు. దుకాణం దూరం, కాలిబాట మధ్యలోనే ఆగిపోతుంది. వారం మధ్యలో ఒక సాయంత్రం తీసుకెళ్లి, తోపుడుబండి చేతికిచ్చి, మీరు పక్కన ఊరికే నిలబడండి. మంచి బెండకాయ తెలుసుకోవడానికి చివర విరిచి చూస్తారు. అక్కడ అలా చేయకూడదని మాత్రం ముందే చెప్పండి.

‘అమ్మ జన్మంతా వండింది, ఇక్కడైనా కూర్చోనివ్వండి’ అంటారు కొందరు. ఆ మాట ఆవిడ నోటి నుంచి వస్తే సరే. రెండో రకం వాళ్లూ ఉన్నారు: పురుడు పేరుతో పిలిచి, మూడు పూటల వంటా పసిబిడ్డా అప్పగించేవాళ్లు. నేను అడుగుతున్నది వంటింట్లో చోటు, వంటమనిషి ఉద్యోగం కాదు. రాయచోటి, రాజంపేట వైపు నుంచి కువైట్ వెళ్లి పరాయి వంటిళ్లలో ఏళ్ల తరబడి పనిచేసే ఆడవాళ్లను తలచుకుంటే మా ఫిర్యాదు చిన్నదే. చిన్నది కాబట్టే తీర్చడమూ సులువు.

పొగ అలారం సంగతీ అంతే. ఎండుమిరపకాయలు వేయిస్తే అది కూస్తుంది, అమ్మ హడలిపోయి ఆ తర్వాత పోపే పెట్టదు. చాలా ఇళ్లలో పొయ్యి మీది ఫ్యాను పొగను బయటికి పంపదు, జల్లెడ పట్టి మళ్లీ గదిలోకే వదులుతుంది. పెరటి వరండాలో చిన్న కరెంటు పొయ్యి ఒకటి పెట్టండి.

పెట్టెల్లో ఒక్కోదానికి 23 కిలోలంటారు కదా, ఆ బరువంతా పొడులతో నింపించకండి. రాగిపిండి, సోనా మసూరి అక్కడే దొరుకుతాయి. బియ్యం తేనివ్వరు, నిల్వ ధాన్యాన్ని తినేసే ఖప్రా పురుగు భయం. పచ్చి కరివేపాకూ అంతే, నిమ్మజాతి చెట్ల తెగులు దానితో వస్తుందని. మాంసం పచ్చళ్లూ కుదరవు. తెచ్చిన తిండి ఏదైనా దిగగానే చెప్పి తీరాలి, దాస్తే జరిమానా. తెప్పించుకోవలసింది సంగటి కట్టె.

వేసవికి పిలిచేవాళ్లు ఏప్రిల్‌లోనే పెరట్లో గోంగూర విత్తండి. టెక్సాస్ ఎండ దానికి మా అనంతపురం ఎండలాగే పడుతుంది, జూన్‌కల్లా కోతకొస్తుంది. ఆకు కోసి, కాడలు తుంచి, కడిగి, గుడ్డ మీద ఆరబెట్టేసరికి మా వయసువాళ్లకు ఒక పూట పడుతుంది. ఆ పూట ఎలాగూ మీరు ఆఫీసులో ఉంటారు.