గోల్‌పోస్టు ముందు నుంచి వచ్చిన ప్రశ్న

మహిళల తొలి ఫుట్‌బాల్ ప్రపంచ కప్ 1991లో చైనాలో జరిగింది. ఆడవాళ్లు 90 నిమిషాలు ఆడగలరన్న నమ్మకం అప్పటికి నిర్వాహకులకు లేకపోవడంతో ఒక్కో మ్యాచ్‌ను 80 నిమిషాలకే పరిమితం చేశారు. నవంబరు 30న గ్వాంగ్‌ఝౌలో జరిగిన ఫైనల్లో నార్వేను 2-1 తేడాతో ఓడించి అమెరికా విజేతగా నిలిచింది. రెండు గోల్సూ మిషెల్ ఏకర్స్ చేసినవి. గోల్ కాపాడింది మేరీ హార్వే. ఆ జట్టులో రిజర్వు గోల్‌కీపర్‌గా ఉన్న ఎమీ ఆల్‌మన్ పేరు ఆనాటి వార్తల్లో పెద్దగా వినబడలేదు. వివాహానంతరం ఎమీ గ్రిఫిన్‌గా మారిన ఆమె, ఆ తర్వాత కళాశాల మైదానాల్లో చేసిన పని మాత్రం ఆ ఫైనల్ కంటే ఎక్కువ కాలం చర్చలో నిలిచింది.

విద్యాసంస్థల్లో లింగ వివక్షను నిషేధిస్తూ అమెరికా 1972లో తెచ్చిన చట్టమే అక్కడి కళాశాలల్లో మహిళల ఫుట్‌బాల్‌కు పునాది. దాని ఫలితంగా 1982 నుంచి జాతీయ కళాశాలల టోర్నీ మొదలైంది, బాలికలకు క్రీడా ఉపకార వేతనాలు దక్కాయి, వాటితో పాటే శిక్షకులకు స్థిరమైన ఉద్యోగాలూ వచ్చాయి. గ్రిఫిన్ 1996లో సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో చేరి, ప్రధాన కోచ్ లెస్లీ గాలిమోర్‌కు కుడిభుజంగా రెండు దశాబ్దాలకు పైగా పనిచేశారు. గోల్‌కీపర్ల బాధ్యత ఆమెది. జట్టంతా కలిసి చేసే సాధన గోల్‌కీపర్‌కు సరిపోదు. పక్కకు దూకి నేల మీద పడటం, కోణాన్ని అంచనా వేసి ముందుకు రావడం, ఒక గోల్ పడ్డాక మరు నిమిషానికి మనసును కుదుట పరచుకోవడం వంటివన్నీ ఆ స్థానంలో నిలబడి దెబ్బలు తిన్నవారు పక్కనుండి నేర్పితేనే పట్టుబడతాయి. పాఠశాల రోజుల్లో గోల్స్ చేసే ఫార్వర్డ్‌గా ఆడిన హోప్ సోలో 1999లో అదే విశ్వవిద్యాలయంలో చేరి ఈ శిక్షణలోనే పూర్తిస్థాయి గోల్‌కీపర్‌గా ఎదిగారు. తర్వాత దేశం తరఫున 202 మ్యాచ్‌లు ఆడి, వాటిలో 102 మ్యాచ్‌ల్లో ప్రత్యర్థికి ఒక్క గోల్ కూడా దక్కనివ్వలేదు.

గోల్‌కీపర్‌కు చేతులతో సమానమైన ఆయుధం గొంతు. మైదానమంతా కళ్లెదుట కనిపించేది ఆ ఒక్కరికే కాబట్టి, ప్రమాదాన్ని ముందుగా పసిగట్టి డిఫెండర్లను కేకవేసి హెచ్చరించవలసింది కూడా ఆమే. అటువంటి స్థానంలో ఆడిన గ్రిఫిన్ 2016లో అమెరికా బధిర మహిళల జట్టుకు ప్రధాన కోచ్ కావడం మాకు విశేషంగా తోస్తుంది. ఆ పోటీల్లో ఆడేవారికి బాగా వినిపించే చెవిలో సైతం కనీసం 55 డెసిబెళ్ల వినికిడి లోపం ఉండాలి; వినికిడి యంత్రాలు తీసేసి ఆడాలి. కేకలు పనికిరాని చోట చూపుతోనూ సైగతోనూ రక్షణ వ్యూహాన్ని నడపడం ఎలాగో ఆమె క్రీడాకారిణులతో కలిసి సాధించారు. ఆమె శిక్షణలో ఆ జట్టు 2016లోనూ 2023లోనూ బధిరుల ప్రపంచ టైటిళ్లను, 2017, 2022 డెఫ్లింపిక్స్‌లో (బధిరుల ఒలింపిక్స్) స్వర్ణాలను గెలిచింది.

అయితే మేము ఈ రోజు ఆమెను ప్రస్తావించడానికి కారణం ట్రోఫీలు కావు. 2009లో, తనకు తెలిసిన ఇద్దరు యువ గోల్‌కీపర్లు లింఫోమా అనే క్యాన్సర్‌కు చికిత్స పొందుతుండగా, ఆ వారంలో తాను కీమోథెరపీ ఎక్కించిన గోల్‌కీపర్లలో ఈమె నాలుగో వ్యక్తి అని వారిలో ఒకరిని గురించి ఒక నర్సు అన్న మాట గ్రిఫిన్ చెవిన పడింది. కృత్రిమ గడ్డి మైదానాల్లో పరిచే నల్లటి రబ్బరు రజను పాత టైర్లను పొడి చేసి తయారుచేసేది. అందరికంటే ఎక్కువగా నేల మీద పడేది గోల్‌కీపర్లే. ఆ రజను వారి నోట్లోకి, జుట్టులోకి, మోచేతి గాయాల్లోకి చేరుతుంది. ఈ రజనుకూ క్యాన్సర్‌కూ సంబంధం ఉందేమోనన్న అనుమానంతో గ్రిఫిన్ జబ్బుపడిన క్రీడాకారుల పేర్లు రాసుకోవడం మొదలుపెట్టారు. 2014లో ఈ సంగతి అమెరికా టీవీ వార్తల్లోకి ఎక్కేనాటికి ఆ జాబితాలో క్యాన్సర్ బారిన పడిన 38 మంది ఫుట్‌బాల్ క్రీడాకారులు ఉన్నారు. వారిలో 34 మంది గోల్‌కీపర్లు.

వాషింగ్టన్ రాష్ట్ర ఆరోగ్య శాఖ ఈ జాబితాను పరిశీలించి 2017 జనవరిలో నివేదిక ఇచ్చింది. అంత మంది క్రీడాకారుల్లో సాధారణంగా ఉండగల కేసుల కంటే జాబితాలోని కేసులు తక్కువేనని, ఆట మానవలసిన అవసరం లేదని చెప్పింది. అదే సమయంలో, రబ్బరు రజను వల్ల ముప్పు ఉందా లేదా తేల్చడం తమ పరిశీలన ఉద్దేశం కాదని కూడా స్పష్టం చేసింది. ఈ రజనుపై 2016లో మొదలైన అమెరికా కేంద్ర ప్రభుత్వ (ఫెడరల్) సంస్థల అధ్యయనం రెండో భాగం 2024లో వెలువడింది. రబ్బరులో హానికర రసాయనాలు ఉన్నప్పటికీ అవి శరీరానికి చేరే మోతాదు పరిమితమేనని అందులో తేలింది. ఈ ఫలితాలను దాచి భయాన్ని పెంచడం పత్రికా ధర్మం కాదు. కానీ ఈ పరిశోధనల వెనుక ఒక శిక్షకురాలి పట్టుదల ఉందన్నది మరువరానిది. తన దగ్గర శిక్షణ పొందిన పిల్లల ఆరోగ్యం గురించి అడగడం తన ఉద్యోగంలో భాగమని ఆమె భావించారు. రుజువు లేకుండా తీర్పు చెప్పలేదు, రుజువు కోసమే అడిగారు.

హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నాల్లో గంటల లెక్కన అద్దెకిచ్చే టర్ఫ్‌లు (కృత్రిమ గడ్డి మైదానాలు) పెరుగుతున్నాయి. సాయంత్రాలు, సెలవు రోజుల్లో వాటి మీద ఆడేది ఎక్కువగా పిల్లలే. సియాటిల్ పరిసరాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలకూ ఈ మైదానాలు సుపరిచితమే. రబ్బరు రజను నుంచి వెలువడే సూక్ష్మ ప్లాస్టిక్ కాలుష్యం దృష్ట్యా యూరోపియన్ యూనియన్ 2023లో నిబంధనలు చేసి, 2031 తర్వాత ఆ రజను విక్రయం సాగదని ప్రకటించింది. మన మునిసిపాలిటీలు టర్ఫ్‌లకు అనుమతి ఇచ్చేటప్పుడు గడ్డి మధ్య నింపే పదార్థం ఏమిటో, ఎక్కడి నుంచి తెచ్చారో రాతపూర్వకంగా తీసుకుని ప్రవేశ ద్వారం వద్ద ప్రదర్శింపజేయాలి. ఆట ముగిశాక చేతులు, గాయాలు కడుక్కోవడానికి నీటి వసతి లేని చోట పిల్లల శిబిరాలకు అనుమతి ఇవ్వరాదు. ఇసుక, కార్క్ వంటి ప్రత్యామ్నాయాలతో కనీసం ప్రభుత్వ విద్యాసంస్థల్లో కొత్తగా వేయబోయే మైదానాలనైనా రెండు రాష్ట్రాల క్రీడా ప్రాధికార సంస్థలు నిర్మించాలని మేము కోరుతున్నాము.