పాత నం. 14, కొత్త నం. 27

మద్రాసులో మేముండేది పశ్చిమ మాంబళంలో. గేటు పక్క గోడ మీద రెండు నంబర్లుంటాయి: పాత నం. 14, కొత్త నం. 27. కొరియర్ కుర్రాడు ఫోన్ చేసి ముందు అడిగేది మా పేరు కాదు, "ఓల్డ్ నంబరా, న్యూ నంబరా సార్?" అని. మా మామగారి సమాధానం ఎప్పుడూ ఒకటే: "పద్నాలుగు." గ్యాస్ కనెక్షన్ తీసుకున్న రోజున ఆయన రాయించింది అదే. కొత్త నం. 14 మాత్రం మాకు ఆరిళ్ల అవతల ఉంది. మా సిలిండర్ అప్పుడప్పుడు అక్కడ దిగుతుంది. వాళ్లు మంచివాళ్లు, సంతకం పెట్టి దింపించుకుంటారు.

ఇది నగరపాలక సంస్థ తెచ్చిన తంటా అనుకునేవాణ్ణి. కంప్యూటర్ లోపలా ఇదే భాగోతం నడుస్తోందని ఓఎంఆర్‌లో (ఐటీ కంపెనీలుండే పాత మహాబలిపురం రోడ్డు) కెర్నల్ పనికి, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయను రాసే పనికి, కుదిరాక తెలిసింది.

యంత్రం ఆన్ చేయగానే కెర్నల్ కంటే ముందు ఫర్మ్‌వేర్ (బోర్డులోనే ఉండే ప్రోగ్రాం, వాడుకలో బయోస్) లేస్తుంది. ఇంట్లో మామగారు కూడా అంతే, అందరికంటే ముందు లేచి పాల ప్యాకెట్లు లెక్కపెడతారు. ఫర్మ్‌వేర్ ప్రతి పీసీఐ కార్డు (గ్రాఫిక్స్, నెట్‌వర్క్ లాంటి, బోర్డుకు తగిలించే కార్డు) తలుపూ తట్టి, మెమరీ చిరునామాల్లో నీకెంత చోటు కావాలని అడుగుతుంది. ఒక్కో కార్డులో ఆరు బార్ల దాకా ఉండొచ్చు. (బార్ అంటే బేస్ అడ్రస్ రిజిస్టర్, కార్డు చిరునామా రాసుకునే గడి. టాస్మాక్ అనే సర్కారు మద్యం కొట్టు పక్కనుండేది కాదు.) దాన్నిండా ఒకట్లు రాసి తిరిగి చదివితే, కింది బిట్లు ఎన్ని సున్నాలుగా మిగిలాయో చూసి సైజు తేల్చుకోవచ్చు. ఆపైన వాస్తు. 256 ఎంబీ అడిగినవాడి గుమ్మం 256 ఎంబీ గుణిజం దగ్గరే ఉండాలి, ఒక్క అడుగు జరిగినా కుదరదు. ఇళ్లన్నీ బ్రిడ్జి అనే కాంపౌండు గోడ లోపలే పట్టాలి. ఆ గోడను మెగాబైట్ల లెక్కనే కడతారు.

అంతా అయ్యాక కెర్నల్ ఆవులించుకుంటూ లేస్తుంది. పెద్దలిచ్చిన చిరునామాలను అలాగే ఉంచాలా, ఊడబెరికి మళ్లీ పంచాలా? ఇంటెల్ తరహా యంత్రాల్లో లినక్స్ కెర్నల్ మర్యాదస్తుడైన అల్లుడు. సరిగ్గా ఉన్నవాటిని ముట్టుకోదు, గొడవపడుతున్నవాటినే కదుపుతుంది. పెద్దల మాట ఎంతవరకు నమ్మాలన్నదానికి కూడా ఓ ముహూర్తం పెట్టారు. ఫలానా చోటు పీసీఐ కోసం ఖాళీగా ఉందని బయోస్ ఇచ్చే పట్టికను, బయోస్ తేదీ 2008 లేదా ఆ తర్వాతిదైతేనే నమ్ముదామని 2010లో వచ్చిన లినక్స్ 2.6.34లో తీర్మానించారు. అంతకుముందు పుట్టిన బయోస్‌లకు జాతకం కుదరలేదన్నమాట.

పోయిన నెల మా ల్యాబులో కొత్త యాక్సిలరేటర్ కార్డు పెట్టాం. లాగ్‌లో ఒకటే ఏడుపు: నో స్పేస్. 64 బిట్ల యంత్రం, మైదానాల కొద్దీ చోటు, అయినా ఇంత పెద్ద కార్డును మొదటి 4 జీబీ అనే ఇరుకు సందులోనే ఇరికించాలని ఫర్మ్‌వేర్ పంతం. ఫర్మ్‌వేర్ వాళ్లని అడిగితే, "బోర్డు షిప్పైపోయింది, ఇప్పుడు ముట్టుకోం" అన్నారు. సరే, మేమే బూట్ లైన్‌లో (లేచేటప్పుడు కెర్నల్‌కిచ్చే ఆదేశాల వరుస) 'పీసీఐ ఈక్వల్స్ రీఅలాక్' అని, అంటే చోట్లు మళ్లీ పంచమని, రాశాం. కార్డు బతికింది. స్క్రీన్ చచ్చింది.

దీనికి టెన్షన్ పడాల్సిన పని లేదు, ఇది మా సిలిండర్ కేసే. బూట్ సమయంలో స్క్రీన్ మీద అక్షరాలు దిద్దే ఆ అమాయకపు డ్రైవర్‌కి ఫర్మ్‌వేర్ చెప్పిన చిరునామా ఒక్కటే తెలుసు. ఈలోగా కెర్నల్ గ్రాఫిక్స్ కార్డును వేరే వీధిలోకి మార్చింది. డ్రైవర్ మాత్రం నిష్ఠగా పాత ఇంటికే అక్షరాలు చేరవేస్తూ కూర్చుంది. ఎవరూ తలుపు తీయలేదు.

మూడు రోజుల తర్వాత తేలిందేమిటంటే, బయోస్ మెనూలో 4 జీబీ పైన కూడా చోటివ్వమనే 'ఎబౌ 4జీ డీకోడింగ్' అన్న మీట ఆఫ్‌లో ఉంది. ఫర్మ్‌వేర్ ఇచ్చిన చిరునామాలు ఉంచాలని ఒకటి, కెర్నల్ మళ్లీ పంచాలని ఒకటి, మూడు రోజులూ మేం రెండు పార్టీలుగా చీలి కొట్టుకున్నాం.

నేను పాత నంబర్ల పార్టీ. మా వాదనకు ఈ ఊరే సాక్ష్యం. 1996లో మద్రాసు చెన్నై అయింది. హైకోర్టు, ఐఐటీ, యూనివర్సిటీ మాత్రం ఇప్పటికీ మద్రాసే. 2019లో సెంట్రల్ స్టేషన్‌కు ఎంజీఆర్ పేరు పెట్టారు, టికెట్ మీద కోడ్ మాత్రం 'ఎంఏఎస్' అనే వస్తోంది. కెర్నల్‌లో కూడా ఇలాంటివాళ్ల కోసం 'ఫిక్స్‌డ్' అనే జెండా ఉంది, అది ఎగిరితే ఎవడూ కదపడు. మేం పెట్టినవాటిని నువ్వు కదపొద్దని కెర్నల్‌ని ముందే కట్టడి చేయడానికి ఏసీపీఐలో (ఫర్మ్‌వేర్‌కీ కెర్నల్‌కీ మధ్య కుదిరిన ఒప్పందం) ఓ పద్ధతీ ఉంది. ఫర్మ్‌వేర్ అందులో సున్నా అని జవాబిస్తే, పెట్టినవి పెట్టినట్టు ఉంచాలని అర్థం. ఏం మాట్లాడకుండానే శాసించడం మా మామగారికీ బాగా వచ్చు.

కాబట్టి నా డిమాండు: ప్రతి బార్ మీదా మా గోడ మీదలాగే పాత నంబరు, కొత్త నంబరు రెండూ రాయించాలి. డ్రైవర్ వచ్చి ఏదో ఒకటి అడిగి తెలుసుకుంటుంది.

ఇది రాస్తుండగా ఫోన్ మోగింది, గ్యాస్ కుర్రాడు. మామగారు స్పీకర్లో పెట్టి, "పద్నాలుగు" అన్నారు. "మామయ్యగారూ, ఇరవై ఏడు కూడా చెప్పండి" అన్నాను. "చూడు బాబూ, ఈ ఇంటికి నంబరిచ్చినప్పుడు నువ్వు పుట్టలేదు" అన్నారు. కిటికీలోంచి చూస్తే సిలిండర్ బండి మా గేటు దాటి వెళ్తోంది. చెప్పులేసుకుని బయల్దేరాను.