ఐదేళ్ల ప్రాజెక్టులు, పదకొండేళ్ల సూర్యుడు

2024 మే 10 రాత్రి లద్దాఖ్‌లోని హన్లేలో ఆకాశం ఎర్రబడింది. ధ్రువ ప్రాంతాల వాళ్లకు కనిపించాల్సిన వెలుగు మన కెమెరాలకు చిక్కింది. ఆ ఫొటోలు రెండు రోజులు ఫోన్లలో తిరిగాయి, తర్వాత అందరూ మర్చిపోయారు. 2003 తర్వాత భూమిని తాకిన అతిపెద్ద సౌర తుపాను అది. అంతకు ఎన్నో రెట్లు పెద్దది రాగలదా, వస్తే ఎన్నాళ్లకోసారి అనే ప్రశ్నకు మాత్రం ఒక్క సూర్యుణ్నే చూస్తూ కూర్చుంటే జవాబు దొరకదు. సూర్యుడి వయసు సుమారు 460 కోట్ల ఏళ్లు. దాని మీది నల్లమచ్చలను టెలిస్కోపుతో చూసి మనం రాసుకున్న లెక్క నాలుగు వందల ఏళ్లది.

అందుకే శాస్త్రవేత్తలు సూర్యుడిలాంటి ఇతర నక్షత్రాల వైపు చూస్తున్నారు. గ్రహాలను వెతకడానికి నాసా అంతరిక్షంలోకి పంపిన కెప్లర్ టెలిస్కోపు నాలుగేళ్ల పాటు అందించిన కొలతల్లోంచి అలాంటి 56,450 నక్షత్రాలను ఏరి చూస్తే, 2,889 మహా జ్వాలలు (నక్షత్రం హఠాత్తుగా విరజిమ్మే భారీ శక్తి) బయటపడ్డాయి. ఒక్కో నక్షత్రం సగటున వందేళ్లకోసారి అలా భగ్గుమంటుందని 2024 డిసెంబరులో వెలువడిన ఆ అధ్యయనం అంచనా వేసింది. 1859లో టెలిగ్రాఫ్ తీగల నుంచి నిప్పురవ్వలు రాల్చిన సౌర జ్వాల శక్తి, ఇలాంటి ఒక్క మహా జ్వాలలో నూరో వంతే.

ఇది చదివి టెన్షన్ పడాల్సిన పని లేదు. టీవీలో ‘వందేళ్లకో ప్రళయం’ అని స్క్రోలింగ్ వేయాల్సిన పని అంతకన్నా లేదు. ఆ నక్షత్రాలన్నీ నిజంగా మన సూర్యుడికి తోబుట్టువులేనా అన్నది ఇంకా తేలలేదు. 2020లో మరో బృందం వేడిలోనూ, వయసులోనూ, తన చుట్టూ తాను తిరిగే వేగంలోనూ సూర్యుడిని పోలిన 369 నక్షత్రాలను పరిశీలించింది. వాటి వెలుగులో హెచ్చుతగ్గులు సగటున సూర్యుడి కంటే ఐదు రెట్లు ఎక్కువ. మనవాడు పుట్టుకతోనే శాంతస్వభావుడా, లేక ప్రస్తుతానికి నెమ్మదిగా ఉన్నాడా? నాలుగేళ్ల కొలతలు దీన్ని తేల్చలేవు. దశాబ్దాల తరబడి చూడాలి.

అలా చూసినవారు లేకపోలేదు. అమెరికాలోని మౌంట్ విల్సన్ మీద ఓలిన్ విల్సన్ (కొండ పేరుకూ ఈయన పేరుకూ సంబంధం లేదు) 1966లో ఆ పని మొదలుపెట్టారు. నక్షత్ర కాంతిని విడదీస్తే ఊదా రంగు చివర కాల్షియం గీతలు రెండు కనిపిస్తాయి. అయస్కాంత క్షేత్రం బలపడిన కొద్దీ వాటి మధ్యభాగం వెలుగుతుంది. ఆ వెలుగును ఏళ్ల తరబడి కొలిస్తే కొన్ని నక్షత్రాలు మన సూర్యుడిలాగే ఒక చక్రంలో పెరుగుతూ తగ్గుతూ ఉన్నాయని, కొన్ని నిశ్చలంగా ఉన్నాయని, మరికొన్నిటికి పద్ధతీ పాడూ లేదని తెలిసింది. ఈ రంగంలో ఇప్పటికీ అందరూ తిప్పేది ఆ లెక్కల పుస్తకాన్నే. 2003లో ఆ పరిశీలన ఆగిపోయింది.

ఇందులో మనవాళ్ల పాత్ర చిన్నదేమీ కాదు. కాల్షియం గీతలో ఆ వెలుగు ఎంత వెడల్పుగా ఉందో చూసి నక్షత్రం అసలు కాంతిని చెప్పవచ్చని 1957లో విల్సన్‌తో కలిసి తేల్చింది వైను బప్పు. తండ్రి హైదరాబాద్ నిజామియా వేధశాల ఉద్యోగి. బప్పు చదివింది నిజాం కాలేజీలో. తర్వాత ఆయన సారథ్యం వహించిన కొడైకెనాల్ వేధశాలలో సూర్యుణ్ని ఇదే కాల్షియం కాంతిలో వందేళ్లకు పైగా ఫొటోలు తీస్తున్నారు. ఆ పాత ఫొటోల్లో నల్లమచ్చల చుట్టూ తెల్లటి మరకలు పరుచుకుని ఉంటాయి, మిగతా ముఖమంతా సన్నని వల అల్లుకుని ఉంటుంది. సూర్యుడి అయస్కాంత చరిత్రకు అవి దస్తావేజులు.

ఇతర నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాల వేటకూ ఈ లెక్కలు కావాలి. గ్రహం లాగితే నక్షత్రం ఎంత ఊగుతుందో చూసి దాన్ని పసిగడతారు. భూమి తన గురుత్వంతో సూర్యుణ్ని ఊపే వేగం సెకనుకు 9 సెంటీమీటర్లే. నక్షత్రం మీది మచ్చలూ, ఉపరితలం మరుగుతూ పొంగే కదలికలూ కలిసి అంతకు పదింతల సందడి చేస్తాయి. మనకు దగ్గరి నక్షత్రం ఆల్ఫా సెంటారీ బి చుట్టూ భూమి అంత గ్రహం దొరికిందని 2012లో పెద్ద వార్త వచ్చింది. ఆ సంకేతం గ్రహానిది కాదని, లెక్క కట్టిన తీరులోంచి పుట్టిందని 2015లో తేలింది. కెప్లర్‌కూ ఇదే దెబ్బ తగిలింది. నక్షత్రాలు సూర్యుడంత నిలకడగా ఉంటాయనుకుని మూడున్నరేళ్లు చాలని పంపారు, తీరా చూస్తే అవి అంతకంటే చంచలంగా ఉన్నాయి. భూమిలాంటి గ్రహాలు దొరకాలంటే గడువు పెంచక తప్పదన్నారు. ఈలోగా 2013లో యంత్రం మొరాయించింది.

శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబరు 2న బయల్దేరిన ఆదిత్య-ఎల్1 ఇప్పుడు భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో నిలిచి సూర్యుణ్ని రెప్పవేయకుండా చూస్తోంది. అందులోని అతినీలలోహిత టెలిస్కోపు ఫిల్టర్లలో ఒకటి కాల్షియం గీతదే. గర్వపడాల్సిందే. అయితే దాని ఆయుష్షు ఐదేళ్లని నిర్ణయించారు. సూర్యుడి మచ్చల చక్రం పదకొండేళ్లు, ధ్రువాలు తారుమారై మళ్లీ మొదటికి రావడానికి ఇరవై రెండేళ్లు. మన పరిశోధన గ్రాంట్లు సాధారణంగా మూడేళ్లవి. ఆ మూడేళ్లలో ఒక పీహెచ్‌డీ పూర్తవుతుందేమో కానీ ఒక్క చక్రమూ పూర్తికాదు. ఈ పద్ధతి మారాలన్నదే మా వాదన.

పెద్ద ఖర్చు పెట్టమని ఎవరూ అడగడం లేదు. సూర్యుడిలాంటి దగ్గరి నక్షత్రాల్లో కొన్ని మామూలు కంటికే కనిపిస్తాయి. వాటికి పది మీటర్ల అద్దాలు అక్కర్లేదు, నగర కాంతి కాస్త ఉన్నా పని ఆగదు. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి రంగాపూర్‌లో 1968 నుంచి 48 అంగుళాల టెలిస్కోపు ఉంది. 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ గ్రహణం నాడు శాస్త్రవేత్తలు బారులు తీరిన చోటు అది. దాన్ని మళ్లీ నిలబెట్టి, కాల్షియం గీతను కొలిచే పరికరం అమర్చి, ముప్పయ్యో నలభయ్యో నక్షత్రాలను అప్పగించాలి. వానాకాలం రాత్రులు పోయినా నష్టం లేదు, ఏటా మిగిలిన నెలల్లో తప్పకుండా చూస్తే చాలు. నియామకాలు, మరమ్మతులు కలిపి కనీసం ఇరవై రెండేళ్లకు సరిపడా పద్దు కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు ఒకేసారి రాసి ఇవ్వాలి. ఆదిత్య గడువు ఈ దశాబ్దం చివరికి తీరిపోతుంది, దాని తర్వాత ఎగిరేదేమిటో కూడా ఇప్పుడే తేల్చాలి.