మొలవని వడ్ల వీడియోకు జవాబు

వానకాలపు సార్వా కోతలు మొదలైంది మొదలు ఒకే సందేశం, దాని వెంట ఒక వీడియో నా ఫోనుకు వస్తూనే ఉన్నాయి. తణుకు నుంచి బావగారు పంపారు, అమలాపురం నుంచి పాత మిత్రుడు పంపాడు. పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరులోని వరి పరిశోధన స్థానం తీసిన రకాలన్నీ జన్యుమార్పిడి విత్తనాలట. ఆ బియ్యం తింటే షుగరు వస్తుందట. నాటు రకాలను చంపడానికే 1925లో తెల్లదొరలు ఆ పరిశోధన స్థానం పెట్టారట. అన్నిటినీ మించి, ఆ విత్తనం దాచి వేస్తే మొలవదట.

దొరల కుట్ర సంగతి ఒక్క ముక్కలో తేలిపోతుంది: మార్టేరు రకాల్లో పేరున్న స్వర్ణ విడుదలైంది 1982లో, దొరలు వెళ్ళిపోయిన ముప్పై అయిదేళ్ళకు. జన్యుమార్పిడి మాటా అంతే. స్వర్ణను వసిష్ఠ, మసూరి రకాలను సంకరపరచి తీశారు. మార్టేరుదే అయిన కాటన్‌దొర సన్నాల్లో (ఎం.టి.యు. 1010) జన్యు సవరణ చేసిన రకాన్ని 2025లో ప్రకటించిన మాట నిజమే గాని, అది ఢిల్లీలోని పూసా వ్యవసాయ పరిశోధన సంస్థ చేసిన పని, అందులో పరాయి జన్యువు లేదు, మన గాదెల్లో ఉన్న 1010 అది కాదు. షుగరు విషయానికి వస్తే, అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ పరీక్షించిన రకాల్లో గ్లైసీమిక్ సూచిక (తిన్నాక రక్తంలో చక్కెర ఎంత త్వరగా పెరుగుతుందో చెప్పే కొలత) తక్కువగా తేలినవాటిలో స్వర్ణ ఒకటి. పాలిష్ పట్టించి పూటకు రెండు కంచాలు తినేవారికి ఏ రకమూ పూచీ పడదు.

ఇక అసలు ప్రమాదం వీడియోలో ఉంది. కళ్ళంలో అప్పుడే నూర్చిన వడ్లను గుప్పెడు తీసి, తడిగుడ్డలో మూట కట్టి, మూడో రోజు విప్పి, 'చూశారా, చచ్చిన విత్తనం' అంటాడు ఆ మహానుభావుడు. కోసిన వెంటనే కొన్ని వారాలపాటు మొలవకుండా ఉండే ఆ గుణాన్ని నిద్రావస్థ అంటారు. అది లోపం కాదు, డెల్టా కోసం కోరి ఎంచిన లక్షణం. తుపాను వానకు చేను పడిపోయి, పనలు నీళ్ళలో నానుతున్నప్పుడు, నిద్రావస్థ లేని రకంలో వెన్ను మీదే తెల్లటి మొలక పొడుచుకొస్తుంది, ఆ ధాన్యాన్ని మిల్లువాడు ముట్టుకోడు. కోసిన వెంటనే ఆ వడ్లనే రెండో పంట దాళ్వా నారుమడికి వాడుకోవాలనుకునేవారు నిద్రావస్థ తక్కువైతే లీటరు నీటికి 6.3 మి.లీ., ఎక్కువైతే 10 మి.లీ. గాఢ నత్రికామ్లం (నైట్రిక్ యాసిడ్) కలిపి నానబెట్టి, మొలకెత్తేందుకు మండె కట్టాలని వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏళ్ళ తరబడి చెబుతూనే ఉంది. ఇవేవీ తెలియని కుర్రవాడు ఆ వీడియో నమ్మి ఇంటి విత్తనాన్ని మిల్లుకు తోలేస్తే, దాళ్వాకు ఎవరి దగ్గర కొంటాడు? ఆ చింత కూడా అక్కర్లేదు, 'జీవమున్న విత్తనం' అమ్మేవారి ఫోను నంబరు సందేశం అడుగునే ఉంది. ఎంత నిస్వార్థమైన ప్రజాసేవ! విత్తనం చచ్చిందని ప్రకటించినవారే బతికిన విత్తనం బస్తాల్లో సిద్ధంగా ఉంచారు.

అయితే ఆ సందేశంలో ఒక వాక్యాన్ని కొట్టిపారేయలేను: ఊళ్ళకు ఊళ్ళు ఒకే రకం వేయడం ముప్పు అన్నది. వరి మొదళ్ళలో రసం పీల్చే సుడిదోమను స్వర్ణ తట్టుకోలేదు, అయినా దశాబ్దాల తరబడి కాలువ పొడవునా అదే వేశాం. దోమను తట్టుకునే చైతన్య, కృష్ణవేణి, విజేత రకాలను తీసింది కూడా మార్టేరే. అవి ఉండగా స్వర్ణనే ఎందుకు పట్టుకు వేలాడామన్న ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పవలసింది శాస్త్రవేత్తలు కాదు, మిల్లర్లూ మనమూను.