తాటిచెట్టు కింద టీ

మహారాజశ్రీ కోకా టీ గారి దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను. తమరి కుశలమేమో అమెరికా కస్టమ్స్ వారి చెత్తబుట్టలో ఉంది. నాది తప్పిపోయిన కనెక్టింగ్ ఫ్లైట్‌తో పాటే ఎగిరిపోయింది. అందుకని నేరుగా విషయానికొస్తాను.

పెరూలోని కుస్కోలో దిగిన రోజు, 3,400 మీటర్ల ఎత్తున, తల పగిలిపోతుంటే హోటల్ వాళ్లు తమరినే, అంటే కొకైన్ తీసే కోకా ఆకుతో కాచిన టీని, కప్పులో పోసిచ్చారు. ఎండుగడ్డి మరిగించినట్టున్నా ప్రాణం లేచొచ్చింది. ఆ విశ్వాసం కొద్దీ 20 టీ బ్యాగుల డబ్బా ఒకటి కొని తెచ్చుకున్నాను, ఫారంలో నిజాయితీగా రాశాను కూడా. ఆఫీసరు డబ్బా మీద ఆకు బొమ్మ చూశాడు, నా మొహం చూశాడు, పక్క గదిలో కుర్చీ చూపించాడు. రెండు గంటలు. "పెరూలో కిరాణా కొట్లో అమ్ముతారండీ" అన్నాను. "ఇది పెరూ కాదు" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఆ కుర్చీలోనే నాకు పెరూ ఫుట్‌బాల్ కెప్టెన్‌గా ఆడిన పావొలో గెరెరో గుర్తొచ్చాడు. నాకు మీ వల్ల పోయింది రెండు గంటలు. ఆయనకు ఆట నుంచి 14 నెలల నిషేధం.

అసలు ఆ మనిషి జాతకంలో శత్రువుగా ఉండాల్సింది విమానం. 1987 డిసెంబరులో పెరూ ఫుట్‌బాల్ క్లబ్ అలియాన్సా లిమా జట్టు విమానం సముద్రంలో కూలినప్పుడు పోయినవాళ్లలో గోల్‌కీపర్ ఒకాయన ఈయనకు మేనమామ. అప్పటికి పిల్లాడికి నాలుగేళ్లు కూడా నిండలేదు. విమానమంటే భయం పెద్దయ్యాకా వదల్లేదు. అంత భయపెట్టుకుని ఎక్కడెక్కడ తిరిగాడో చూడండి: మ్యూనిక్, హాంబర్గ్, సావో పాలో, రియో, పోర్టో అలెగ్రె, ఆ తర్వాత అర్జెంటీనా, ఈక్వెడార్. బ్రెజిల్ క్లబ్ కొరింథియన్స్ తరఫున 2012లో జపాన్ దాకా వెళ్లి, క్లబ్ ప్రపంచకప్ ఫైనల్లో చెల్సీ మీద తలతో కొట్టిన ఒక్క గోల్‌తో కప్పు పట్టుకొచ్చాడు. హాంబర్గ్‌లో ఒక అభిమాని మీదకు సీసా విసిరి శిక్ష పడ్డాడు, అది ఆయన స్వయంకృతం, దాన్ని మీ ఖాతాలో వేయను. ఇన్ని విమానాలు ఏమీ చేయలేకపోయిన మనిషిని ఒక టీ కప్పు పడగొట్టింది.

2017 అక్టోబరు 5, బ్యూనస్ ఐరిస్, ప్రపంచకప్ అర్హత మ్యాచ్‌లో పెరూ, అర్జెంటీనాతో 0-0. ఆ మ్యాచ్ తర్వాత డోపింగ్ పరీక్షకు తీసిన నమూనాలో బెంజోయిలెక్గొనైన్ తేలింది, కొకైన్ ఒంట్లో విరిగాక మిగిలే పదార్థం. అడిగింది మామూలు టీ, అందులో మీ తాలూకు అంశ కలిసిందని ఆయన వాదన. ఏ కెటిల్లోంచి, ఏ గరిటతో వచ్చారో మీకే ఎరుక. పెరూ జట్టు ప్రపంచకప్ కోసం 1982 నుంచి ఎదురుచూస్తోంది. న్యూజిలాండ్‌తో ప్లేఆఫ్‌కు కెప్టెన్ లేడు. గోల్ కొట్టిన సహచరుడు ఫర్ఫాన్ ఆయన చొక్కా ముఖానికి హత్తుకుని ఏడ్చాడు. అప్పుడు మీరెక్కడున్నారు? ఏదో హోటల్ లాబీలో పొగలు కక్కుతూ టూరిస్టులకు స్వాగతం పలుకుతున్నారు!

ఆయన లాయర్లు ఏం చేశారో తెలుసా? మమ్మీలను సాక్ష్యానికి తెచ్చారు. యుయయ్యాకో అగ్నిపర్వతం మీద 1999లో దొరికిన ముగ్గురు పిల్లల మమ్మీలు, ఇంకా సామ్రాజ్యం నాటివి, 500 ఏళ్ల కిందటివి. కొకైన్ అనేది పుట్టకముందే పోయిన ఆ పిల్లల జుట్టులోనూ ఇదే పదార్థం ఉందని, ఆకు నమిలినా వస్తుందని వాదించారు. చనిపోయి అయిదు శతాబ్దాలైన పిల్లలు వచ్చి సాక్ష్యం చెప్పాల్సి వచ్చింది. మీరు మాత్రం బోను ఎక్కలేదు.

ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫీఫా మొదట ఒక ఏడాది నిషేధం అంది, తర్వాత ఆరు నెలలకు దింపింది. ఆయన శిక్ష ముగించుకుని మళ్లీ మైదానంలో దిగాడు కూడా. ప్రపంచకప్‌కు నెల ఉందనగా, 2018 మే 14న, స్విట్జర్లాండ్‌లో లొసాన్‌లోని క్రీడా న్యాయస్థానం దాన్ని 14 నెలలు చేసింది. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారని మన సామెత. లొసాన్ వాళ్లు ఒకడుగు ముందుకేశారు. నువ్వు తాగింది పాలేనయ్యా, ఒప్పుకుంటున్నాం, ఆట పెంచుకోవడానికి తాగలేదనీ ఒప్పుకుంటున్నాం, కానీ కొంత నిర్లక్ష్యం ఉంది, పద బయటికి!

గారూ లేదు, గీరూ లేదు. ఇక నువ్వే. నిన్ను దేశమంతా తాగుతుంది, ముసలమ్మల దగ్గర్నుంచి టూరిస్టుల దాకా. నీకు ఒక్కరోజు నిషేధం లేదు. ఏళ్ల తరబడి కలగన్న ప్రపంచకప్ మాత్రం ముప్పై నాలుగేళ్ల మనిషికి పోవాలి! పోయేదే. డెన్మార్క్, ఆస్ట్రేలియా, ఫ్రాన్స్ కెప్టెన్లు, ఆయన ఎవరి మీద గోల్ కొట్టాలో వాళ్లే, ఆడనివ్వండని ఫీఫాకు ఉత్తరం రాశారు. స్విస్ కోర్టు మే 31న శిక్షను తాత్కాలికంగా ఆపింది. ప్రపంచకప్‌లో మొదటి రెండు మ్యాచ్‌లు పెరూ ఓడిపోయింది. మూడోది సోచిలో, ఆస్ట్రేలియా మీద, 50వ నిమిషంలో కొట్టాడు. ఉత్తరం రాసిన కెప్టెన్ జట్టు వలలోకే. జాలి, న్యాయం, ఆట, మూడూ ఒకే గోల్‌లో చూశాను నేను.

ఆగస్టులో శిక్షలో మిగిలిన ఎనిమిది నెలలు మళ్లీ మొదలయ్యాయి. కొత్తగా క్లబ్‌లో చేరాడు, ఆట లేదు. తిరిగొచ్చి 2019 కోపా అమెరికా ఫైనల్లో బ్రెజిల్ మీద పెనాల్టీ కొట్టాడు. నలభై దాటాక అలియాన్సా లిమాకే వెళ్లి ఆడాడు, మేనమామ కాపలా కాసిన క్లబ్బు.

ఇంతా తిట్టి ఒక సంగతి దాచడం ఎందుకు. బట్టలు ఉతుకుదామని తీస్తే జీన్స్ జేబులో టీ బ్యాగు ఒకటి దొరికింది. ఇరవైలో ఒకటి తప్పించుకున్నట్టుంది. కాగితం నలిగి పేరు చెరిగిపోయింది. పారేయబుద్ధి కాక వంటింట్లో డబ్బా మీద పెట్టాను. ఇప్పుడు చూస్తే అక్కడ లేదు. మా ఆవిడ గ్రీన్ టీ డబ్బాలో సర్దేసిందట. అందులో ఏది నువ్వో తెలియడం లేదు. ఆవిడ కొత్త ఉద్యోగానికి డ్రగ్ టెస్ట్ సోమవారం.

ఇట్లు,
కెటిల్ పక్కన కాపలా కూర్చున్న ఒక భర్త